‘మ’తో మొదలయ్యే పండ్లు: పేరు ఒక్కటే కాదు, ఎప్పుడు తినాలో కూడా చెప్పండి

పెరటిగోడ
పండ్ల జాబితాలు చూసీ చూసీ ఒళ్ళు మండి రాస్తున్నా.

మా అన్నయ్య కూతురికి అక్షరాల ఆట పిచ్చి. తను ఒక అక్షరం చెప్తుంది, దానితో మొదలయ్యే పండ్ల పేర్లు వరసగా చెప్పాలి, ఆగినవాడు ఓడినట్టు. మొన్న ‘మ’ పడింది. మామిడి, మారేడు, మేడి దాటాక నా దగ్గర సరుకు అయిపోయింది. నెట్‌లో వెతికితే జాబితాలు కుప్పలు తెప్పలు. ఒకడు రాసింది ఇంకొకడు దించేశాడు. సగం మామిడి రకాలే. మిగతా సగంలో ఒకే పండు రెండు పేర్లతో రెండుసార్లు.

అసలు కోపం అది కాదు. ఒక జాబితాలో ‘మాన్‌స్టెరా డెలిసియోసా, తినదగిన పండు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మా పెరట్లో గోడవారగా ఎనిమిదేళ్ళుగా పాకుతున్న తీగ అదే. చేటంత ఆకులు, వాటికి చిల్లులు. దానికి మొక్కజొన్న కంకిలాంటి పచ్చటి కాయలు మూడు ఉన్నాయి. ఒకటి కోసి, చాకుతో చెక్కు తీసి, ముక్క నోట్లో వేసుకున్నా. మొదట ఏమీ లేదు. మింగబోయేసరికి నాలుక మీద గాజుపొడి చల్లినట్టు మొదలైంది. గొంతు దాకా పొడుచుకుంటూ పోయింది. రెండు గంటలు మాట సరిగా రాలేదు. పాప పక్కనే నిలబడి ‘నాకూ’ అని చెయ్యి చాపింది. ముందు నేను తిన్నాను కాబట్టి సరిపోయింది.

అందుకే అడుగుతున్నా. ‘మ’తో మొదలయ్యే, ఎక్కువమందికి తెలియని పండ్లు చెప్పండి. ఎక్కడిది, ఎలా ఉంటుంది, పండిందని ఎలా తెలుస్తుంది, ఏ భాగం తినకూడదు, ఇవన్నీ కావాలి. మీరు స్వయంగా తిన్నవైతే మరీ మంచిది.

అచ్చూహల్లూ
‘మ’ అంటే ఒట్టి ‘మ’ మాత్రమేనా, గుణింతం మొత్తమా? మి, మె, మో కూడా చెల్లుతాయా? ముందు ఇది తేల్చండి, లేకపోతే పదో పోస్టుకల్లా గొడవ.

పెరటిగోడ
గుణింతం మొత్తం. పాప పెట్టిన రూలే అది.

ఆకుపసరు
నోరు ఇప్పుడు ఎలా ఉంది? వాపు ఉంటే, ఊపిరి తీయడం కష్టంగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తగ్గిపోయింది అంటే సరే.

మీకు గుచ్చుకున్నది కాల్షియం ఆక్సలేట్. పచ్చికాయ కణాల్లో అది సూదుల కట్టల్లా ఉంటుంది. కొరకగానే ఆ సూదులు బయటికొచ్చి నోటి పొరలో దిగుతాయి. చేమ, కంద దురద పెట్టేది కూడా ఇందుకే, మాన్‌స్టెరా వాటి కుటుంబమే. పుట్టిల్లు దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న తడి అడవులు.

కాయ పండడానికి ఏడాది పైనే పడుతుంది. పైన పలకల్లా ఆరు మూలల పొలుసులు ఉంటాయి చూడండి, అవే మీకు గడియారం. తొడిమ వైపు పొలుసులు వదులై కిందికి జారడం మొదలయ్యాక కాయ కోయాలి. కాగితంలో చుట్టి గ్లాసులో నిలబెట్టండి. రోజుకు కొంత చొప్పున పొలుసులు వాటంతట అవే రాలతాయి. ఎంతమేర రాలితే అంతమేరే తినాలి. గోటితో గీకాల్సి వచ్చిందంటే అక్కడ ఇంకా పండలేదని అర్థం. కాయంతా ఒక్కరోజున పండదు, అది గుర్తుపెట్టుకోండి.

పెరటిగోడ
నోరు బాగానే ఉందండీ, ఇది జరిగి వారం అయింది. తీగ మీద ఇంకా రెండు కాయలున్నాయి. వాటిలో ఒకటి పోయినేడు వచ్చిందే. మీరు చెప్పినట్టు చూస్తా.

తొక్కతీసి
దాని రుచి అనాసకూ అరటికీ పుట్టినట్టు ఉంటుంది. ఒక్కసారే తిన్నా, బాగా పండింది. కానీ గుజ్జులో సన్నటి నల్ల నలుసులుంటాయి, అవి పండాక కూడా కాస్త చురుక్కుమంటాయి. పిల్లకి మొదట చిటికెడు పెట్టి చూడండి.

సంచారి
‘ఎప్పుడు తినాలి’ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది మెడ్లర్. దీని మీద పెద్ద పోస్టే రాస్తా, ఓపిక పట్టండి.

పని మీద ఒక శీతాకాలం టర్కీలో, నల్ల సముద్రం ఒడ్డున ట్రాబ్జోన్‌లో ఉన్నా. అక్కడ దీన్ని ముష్ముల అంటారు. పక్కింటి పెద్దావిడ ఒక సంచి నిండా ఇచ్చింది. చిన్న జామకాయంత, గోధుమరంగు, కింద అయిదు రేకులు తెరుచుకుని కిరీటంలా ఉన్నాయి. గట్టిగా ఉన్నాయి కదా, బాగున్నాయనుకుని ఒకటి కొరికా. వగరుకి నాలుక అంగిలికి అతుక్కుపోయింది. సరే, పండనీ అని వంటింటి కిటికీలో పెట్టి మర్చిపోయా. రెండు వారాలకు చూస్తే మెత్తబడి, నల్లబడి, తోలు ముడతలు పడి ఉన్నాయి. కుళ్ళిపోయాయి అనుకుని సంచి మొత్తం చెత్తబుట్టలో వేశా.

ఆవిడ అది చూసింది. బుట్టలోంచి పైనున్న ఒకటి తీసి, కడిగి, కిరీటం దగ్గర రెండు వేళ్ళతో నొక్కింది. లోపలి నుంచి ఖర్జూరం ముద్దలాంటి గుజ్జు బయటికొచ్చింది. పీల్చేసి, అయిదు రాళ్ళలాంటి గింజలు అరచేతిలోకి ఊసి నాకు చూపించింది. అప్పుడే అవి తినాల్సిన సమయమట! నేను పారేసింది సరిగ్గా పండిన రోజునే. మిగతావి కూడా ఏరుకుని తిన్నాం. ఉడికించిన ఆపిల్ గుజ్జులో బెల్లం కలిపినట్టు ఉంటుంది.

మంచు పడ్డాక కోస్తారు. గడ్డి మీద, కిరీటం కిందికి వచ్చేట్టు, ఒకదానికొకటి తగలకుండా పేర్చి చల్లటి గదిలో కొన్ని వారాలు ఉంచుతారు. రోమన్ల కాలం నుంచీ తింటున్న పండు. శాస్త్రీయనామంలో ‘జెర్మానికా’ అని ఉంది గానీ జర్మనీది కాదు, కాస్పియన్, నల్ల సముద్రాల చుట్టుపక్కలది.

నోరూరు
అంటే కుళ్ళబెట్టి తినడమేగా? ఏ పండైనా అలా తింటే కడుపు పాడవుతుంది.

ఆకుపసరు
@నోరూరు కుళ్ళడం వేరు, ఇది వేరు. కుళ్ళు అంటే బూజో బాక్టీరియానో వచ్చి పండును తినడం. మెడ్లర్‌లో పండు సొంత ఎంజైములే కణాల గోడల్ని కరిగిస్తాయి. వగరు తెచ్చే టానిన్లు తగ్గుతాయి, పులుపు తగ్గుతుంది. పైన బూజు కనిపిస్తే మాత్రం అది కుళ్ళే, పారేయాలి.

అచ్చూహల్లూ
దీనికి మనకు మాట ఉందిగా, మిగలముగ్గడం. మాగబెట్టడం అంటే కాయను పండు చేయడం. మిగలముగ్గడం పండు దాటిపోవడం. మిగతా పండ్లకు అది తప్పు, మెడ్లర్‌కు అదే ఒప్పు.

ఇంకో సంగతి. టర్కీలో ముష్ముల, జర్మనీలో మిస్పెల్, లాటిన్‌లో మెస్పిలస్, ఇంగ్లీషులో మెడ్లర్. అన్నీ ‘మ’ గుణింతమే. కానీ అదే లాటిన్ మాట ఇటలీలో నెస్పొలా, ఫ్రాన్స్‌లో నెఫ్ల్, స్పెయిన్‌లో నీస్పెరో అయింది. పడమటికి వెళ్ళేసరికి ‘మ’ జారి ‘న’ అయిపోయింది! స్పెయిన్‌లో ఇప్పుడు నీస్పెరో అని అడిగితే చాలావరకు లోక్వాట్ అనే వేరే పండు ఇస్తారు, మెడ్లర్ కాదు.

గింజలసంచి
జాబితాల్లో ఒకే పండు రెండుసార్లు వస్తోందన్నారు కదా, రెండు పండ్లు ఒకే పేరుతో వచ్చేది కూడా ఉంది. మామే. 

మామే సపోటే మెక్సికో, మధ్య అమెరికాది. పైన గరుకు కాగితంలా గోధుమరంగు, లోపల ఎర్ర గుమ్మడి రంగు గుజ్జు, మధ్యలో నున్నగా మెరిసే పొడుగాటి గింజ. మన సపోటా కుటుంబమే. రెండోది మామే ఆపిల్, కరీబియన్ దీవులది. అది మాంగోస్టీన్ కుటుంబానికి దగ్గర. ఈ రెండు మామేలకూ చుట్టరికం ఏమీ లేదు. ఫొటో ఒకదానిది, వివరం ఇంకోదానిది పెట్టిన పేజీలు నేనే నాలుగు చూశా.

మామే సపోటే పండిందో లేదో పైకి తెలియదు, కాయకూ పండుకూ తోలు అదే రంగు. తొడిమ దగ్గర గోటితో కాస్త గీకండి. కింద పచ్చగా ఉంటే వదిలేయండి, ఎర్రగానో గులాబీగానో ఉంటే కోయొచ్చు. కోశాక మళ్ళీ కొన్ని రోజులు మెత్తబడాలి. పూత నుంచి పండు దాకా ఏడాది దాటుతుంది కాబట్టి ఒకే కొమ్మకు కొత్త పూత, పిందె, పెద్దకాయ అన్నీ కనిపిస్తాయి.

తొక్కతీసి
తిన్నా. చిలగడదుంప, బాదం కలిపి మెత్తగా రుబ్బినట్టు. నీళ్ళ పండ్లు ఇష్టపడేవాళ్ళకు నచ్చదు. నాకు ప్రాణం.

నిమ్మచెక్క
మిరాకిల్ ఫ్రూట్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? కుండీలో పెంచుతున్నా. నాలుగేళ్ళు నిలువునా ఆశ చూపించి అయిదో ఏడు పదకొండు పండ్లు ఇచ్చింది. ఎర్రగా, చిటికెనవేలి కొసంత, లోపల ఒకటే గింజ. దానికంటూ పెద్ద రుచి లేదు. గుజ్జు నాలుకంతా పట్టేలా ఒక నిమిషం చప్పరించి, తర్వాత నిమ్మచెక్క నాకితే తేనె రాసినట్టు ఉంటుంది. అరగంట నుంచి రెండు గంటలు ఆ మాయ నిలుస్తుంది.

పడమటి ఆఫ్రికాది. 1725లో ఫ్రెంచి అన్వేషకుడు డె మార్షే అక్కడి జనం పుల్లటి తిండికి ముందు దీన్ని నమలడం చూసి రాశాడు.

నోరూరు
అది పండు కాదండీ, ట్రిక్కు. దానికంటూ రుచే లేదని మీరే అంటున్నారు. ఇలాంటివి జాబితాలోకి ఎక్కించకూడదు.

నిమ్మచెక్క
చెట్టుకు పూసి, కాసి, పండి, లోపల గింజ పెట్టుకున్నది పండు కాకపోతే ఇంకేంటి? దాని రుచి నిమ్మకాయలో బయటపడుతుంది, అంతే తేడా.

ఆకుపసరు
ఇందులో నేను నిమ్మచెక్క గారి వైపు. లోపలుండేది మిరాక్యులిన్ అనే ప్రోటీను. 1968లో దాన్ని విడదీశారు. నాలుక మీద తీపిని పసిగట్టే చోట అది అతుక్కుని ఊరికే కూర్చుంటుంది. పులుపు తగలగానే ఆకారం మార్చుకుని ‘తీపి వచ్చింది’ అని మెదడుకు కబురు పంపుతుంది. పులుపు పోతే మళ్ళీ ఊరుకుంటుంది. వేడి చేస్తే పాడైపోతుంది కాబట్టి వండుకుని తినే పండు కాదు. ఇది కూడా సపోటా కుటుంబమే, పైన గింజలసంచి గారు చెప్పిన మామే సపోటేకి చుట్టం.

1970లలో అమెరికాలో ఒక కంపెనీ దీన్ని పంచదారకు బదులుగా అమ్మాలని చూసింది. 1974లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ దీన్ని ఆహారంలో కలిపే పదార్థంగా లెక్కగట్టి, ముందు పరీక్షలు కావాలంది. అంతటితో ఆ వ్యాపారం ఆగిపోయింది. యూరప్‌లో ఎండబెట్టిన పండుకు అనుమతి 2021లో వచ్చింది.

కొత్తగావచ్చా
అయితే షుగరు ఉన్నవాళ్ళకు మందులా వాడొచ్చా? మా నాన్నకు తీపి మానడం చాలా కష్టంగా ఉంది.

ఆకుపసరు
మందు కాదండీ. రక్తంలో చక్కెరను అది తగ్గించదు, నాలుకకు తీపి అనిపిస్తుంది అంతే. మందులు ఆపే ఆలోచన పొరపాటున కూడా చేయొద్దు, డాక్టరుగారితో మాట్లాడాకే ఏదైనా.

నిమ్మచెక్క
ఇంకో హెచ్చరిక నా నుంచి. తీపిగా ఉందని ఒక సాయంత్రం నాలుగు నిమ్మకాయలు వరసగా తినేశా. నాలుక మోసపోయింది, కడుపు మోసపోలేదు. తెల్లవార్లూ మంట. పళ్ళు రెండు రోజులు జివ్వుమన్నాయి. తీపి అనిపించినా లోపలికి వెళ్ళింది ఆమ్లమే, అది మర్చిపోవద్దు.

గింజ కావాలన్నవాళ్ళకు: ఆరితే మొలవదు. తిన్న రోజే, గుజ్జు కడిగేసి, పుల్లమన్నులో నాటాలి. మామూలు తోటమట్టిలో పెడితే ఆకులు పసుపెక్కి కూర్చుంటుంది, నా మొదటి మొక్క అలాగే పోయింది.

సంచారి
ఇంకోటి, మరాంగ్. పనస చెల్లెలు. బోర్నియోలోనూ ఫిలిప్పీన్స్ దక్షిణాన మిండనావోలోనూ దొరుకుతుంది. మనిషి తల అంత ఉంటుంది, పైన మెత్తటి ముళ్ళు. కత్తి అక్కర్లేదు, బొటనవేళ్ళతో చుట్టూ చీల్చి పై తోలు టోపీలా ఎత్తేస్తే, మధ్య దూలానికి అంటుకుని తెల్లటి తొనలు గుత్తిగా నిలబడి ఉంటాయి. ఒక్కో తొన ద్రాక్షంత. నోట్లో కరిగిపోతుంది, గింజ మిగులుతుంది. గింజల్ని ఉడకబెట్టో వేయించో తింటారు.

నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి, వాసన దూరానికే కొట్టాలి. తెరిచారా, అక్కడే తినేయాలి. కొన్ని గంటల్లో రంగు మారి రుచి దిగిపోతుంది. అందుకే ఇది దూరాలు ప్రయాణం చేయదు, మనమే దాని దగ్గరికి వెళ్ళాలి.

తొక్కతీసి
బోర్నియోలోని మలేసియా రాష్ట్రం సబాలో దాన్ని తరప్ అంటారు. మీరు బోర్నియోలో తింటే అది ‘త’, మిండనావోలో తింటే ‘మ’. ఇది చెల్లదు!

సంచారి
నేను మిండనావోలోని దావావ్‌లో తిన్నా, నా లెక్కలో చెల్లుతుంది.

అచ్చూహల్లూ
తొక్కతీసి గారి అభ్యంతరంలో న్యాయం ఉంది. నా ప్రతిపాదన: పండు పుట్టిన చోట్లలో ఏదో ఒకచోటి జనం ‘మ’తో పిలిస్తే చాలు. అలాగైతే మరాంగ్ ఉంటుంది. మిరాకిల్ ఫ్రూట్ మాత్రం ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు. పడమటి ఆఫ్రికాలోని యోరుబా భాషలో దాన్ని అగ్బయున్ అంటారు.

నిమ్మచెక్క
నా మొక్క జోలికి మళ్ళీ వచ్చారూ...

పెరటిగోడ
పాప తీర్పు: ‘తెలుగులో రాసినప్పుడు మ కనిపిస్తే చాలు బాబాయ్.’ మిరాకిల్, మరాంగ్ రెండూ ఉన్నట్టే.

రాత్రిచదువరి
మారులా. దక్షిణ ఆఫ్రికా అడవుల్లో ఉంటుంది. ఏనుగులు రాలి పులిసిన ఈ పండ్లు తిని మత్తులో తూలతాయట. చాలాచోట్ల చదివా.

ఆకుపసరు
పండు నిజమే, ఏనుగుల కథ దగ్గర ఆగాలి. 2006లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్కకట్టారు. మూడు టన్నుల ఏనుగుకు మత్తెక్కాలంటే అది మామూలుగా తినే పండ్లు ఎంతమాత్రం చాలవని తేల్చారు. పైగా ఏనుగులు నేలమీద పులిసినవాటికంటే చెట్టు మీద కాయలనే ఇష్టపడతాయి.

రాత్రిచదువరి
ఆ తర్వాత దానికి జవాబు కూడా వచ్చిందండీ. 2020లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాసింది చూడండి. మద్యాన్ని విరిచే ఒక జన్యువు మనుషుల్లో బాగా పనిచేస్తుంది, ఏనుగుల్లో అది చెడిపోయి ఉంది. పాత లెక్క మనిషి శరీరాన్ని పెద్దది చేసి కట్టింది, అందుకే చెల్లదన్నారు. కాబట్టి కథ అబద్ధమని తేలిపోలేదు.

ఆకుపసరు
ఒప్పుకుంటున్నా. ఆ పేపరు నా దృష్టికి రాలేదు. తూలడం నిజమని అది రుజువు చేయదు, కానీ పాత లెక్క మీద నేను చూపిన నమ్మకం ఎక్కువే.

గింజలసంచి
ఏనుగుల సంగతి సరే, మనుషులకు ఎప్పుడు తినాలో నేను చెప్తా. మారులా చెట్టు మీద పండదు. పచ్చగా ఉన్నప్పుడే రాలి, నేలమీద పసుపెక్కుతుంది. చెట్టెక్కి కోసినవాళ్ళకు పుల్లటి కాయే మిగులుతుంది, కింద ఏరుకున్నవాళ్ళదే పండు. మామిడి కుటుంబం కాబట్టి జీడిమామిడి, పిస్తాలతో చుట్టరికం. విటమిన్ సి నారింజకంటే ఎక్కువ. టెంక రాయిలా ఉంటుంది, దానికి చిన్న మూతలు. ఒక్కో మూత వెనక ఒక్కో పప్పు. ఆ పప్పు నూనె చర్మానికి రాసుకుంటారు. ఆడచెట్టు, మగచెట్టు వేరు, మగచెట్టు నాటి పండ్లకోసం చూస్తే జీవితాంతం చూడాల్సిందే.

సంచారి
రాలాకే తినాల్సినది ఇంకొకటి ఉంది, మంగాబా. ఈశాన్య బ్రెజిల్ ఇసుక నేలల్లో. పచ్చికాయ నిండా పాలు, నోట్లో పెట్టుకుంటే జిగురు. నేల మీద పడ్డాక ఒకరోజు ఆగి తింటే వెన్నలా ఉంటుంది. అక్కడ వీటిని ఏరి అమ్ముకుని బతికే ఆడవాళ్ళు చాలామంది. చెట్టు ఎవరి పొలంలో ఉన్నా రాలిన పండు ఏరుకునే హక్కు కోసం వాళ్ళు సంఘం పెట్టుకున్నారు.

కొత్తగావచ్చా
మస్కడైన్ చెల్లుతుందా? ద్రాక్షలో ఒక రకం అనుకుంటా.

ఆకుపసరు
రకం కాదు, వేరే జాతే. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది. మామూలు ద్రాక్షకు 38 క్రోమోజోములు, దీనికి 40. గుత్తిగా కాక విడివిడిగా పండుతుంది. తోలు మందం. తోలుకు చిన్న గాటు పెట్టి లోపలి గుజ్జు నోట్లోకి నొక్కుకోవడమే పద్ధతి.

తొక్కతీసి
పిల్లలున్న ఇంట్లో ఒక పండు గురించి తప్పకుండా చెప్పాలి. మామొన్సీయో. కరీబియన్ దీవులు, కొలంబియా, వెనెజ్వెలా వైపు. పచ్చటి గోళీకాయల్లాంటి గుత్తులు, లిచీ కుటుంబం. పంటితో తోలు పటుక్కుమనిపించి లోపలి గుజ్జు చప్పరిస్తారు. గింజ పెద్దది, గుండ్రం, గుజ్జు జారుడు. చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. అయిదేళ్ళలోపు వాళ్ళకు గింజతో ఇవ్వకూడదు. రసం బట్టలమీద పడితే మరక పోదు, అది చిన్న విషయం.

పెరటిగోడ
ఇదీ నేను అడిగింది. పాపకు ఏడేళ్ళు, అయినా గింజ తీసే పెడతా, దొరికిన రోజున.

నోరూరు
మాంగోస్టీన్ ఎవరూ చెప్పలేదు.

గింజలసంచి
తెలియని పండు కాదని వదిలేశాం. కానీ ఒక సంగతి అందరికీ తెలియదు. కింది వైపు పూరేకుల ముద్రలాంటిది ఉంటుంది. ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు. కోయకముందే లెక్కపెట్టి చెప్పొచ్చు, పిల్లల ముందు బాగా పనికొస్తుంది. తోలు వేలితో నొక్కితే కాస్త లొంగాలి. రాయిలా ఉంటే లోపల చెడిందని. మామిడికీ దీనికీ ఇంగ్లీషు పేరులో పోలిక తప్ప సంబంధం లేదు, ఈ పేరు మలయ్ భాష నుంచి వచ్చింది.

నోరూరు
రేకులు లెక్కపెట్టి చూశా. ఆరు. లోపల ఆరే!!

సంచారి
మబోలో మిగిలింది. ఫిలిప్పీన్స్‌ది. పైన ఎర్రటి మఖమల్లు నూగు, ముట్టుకుంటే పీచ్ (peach) పండులా. తోలు దగ్గర పాత జున్ను వాసన, చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తోలు తీసి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెడితే ఆ వాసన పోతుంది. లోపల తెల్లటి గట్టి గుజ్జు. తునికి కుటుంబం. కలప నల్లగా ఇనుములా ఉంటుంది.

రాత్రిచదువరి
మేహా. అమెరికా దక్షిణాన చిత్తడి నేలల్లో, ‘మే’ నెలకి పండుతుంది కాబట్టి ఆ పేరు. నీళ్ళలో రాలి తేలుతుంటే వలలతో తోడతారు. పచ్చిగా పులుపు, జెల్లీకి బంగారం.

ఆకుపసరు
అది మెడ్లర్‌కు చాలా దగ్గరి చుట్టం. రెండిటినీ ఒకే ప్రజాతిలో కలిపేసిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఒకటి మంచులో మిగలముగ్గాలి, ఇంకోటి వేసవి మొదట్లో నీళ్ళలో తేలాలి.

అచ్చూహల్లూ
మాకీ కూడా రాసుకోండి, చిలీది, మిరియం గింజంత ఊదా పండు. మిడ్యిమ్, ఆస్ట్రేలియా తూర్పు తీరానిది, తెల్లటి పండు మీద ఊదా చుక్కలు. రెండూ నేను తినలేదు, అందుకే ఇంతకంటే రాయను.

పెరటిగోడ
మూడు వారాలు అయింది. చెప్పాల్సింది ఉంది.

పోయినేటి కాయకు తొడిమ దగ్గర పొలుసుల మధ్య సన్నటి పసుపు గీతలు కనిపించాయి. కోసి, కాగితంలో చుట్టి, గ్లాసులో నిలబెట్టా. మొదటి రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే అనాస కోసినట్టు వాసన. కాగితం విప్పగానే పొలుసులు గలగలా టేబుల్ మీద రాలాయి. గోరు పెట్టలేదు. రెండంగుళాల మేర తెల్లటి గింజల్లాంటి గుజ్జు, మొక్కజొన్న పొత్తు ఒలిచినట్టే.

ముందు నేను తిన్నా. పది నిమిషాలు ఆగా. పొడవలేదు. తొక్కతీసి గారు చెప్పిన నల్ల నలుసులు ఒకటి రెండు చోట్ల చురుక్కుమన్నాయి, వాటిని చెంచాతో ఏరేశా. తర్వాత పాపకు చిటికెడు. తను కళ్ళు మూసుకుని ‘అరటిపండు... కాదు, అనాస... కాదు’ అంటూ ఆగిపోయి, మిగతాది మొత్తం తనే తినేసింది. పొలుసులు ఏరి డబ్బాలో దాచుకుంది.

కాయలో ఇంకా ఆరంగుళాలు పచ్చగానే ఉంది. కాగితం మళ్ళీ చుట్టి పెట్టా.

తొక్కతీసి
రేపు ఎంత రాలిందో రాయండి.

పెరటిగోడ
ముప్పాతిక అంగుళం.